పాతికేళ్ల సంస్థ, 26 నిమిషాల సినిమా: నా ప్రాజెక్టు డైరీ

1వ వారం

ఈ ఏడాదితో మా సంస్థకు పాతికేళ్లు నిండుతున్నాయి. పేద కుటుంబాలతో కలిసి పొదుపు సంఘాలు నడపడం, పిల్లల చదువు ఆగిపోకుండా చూడడం, అధిక వడ్డీ అప్పుల్లోంచి బయటపడడానికి సాయం చేయడం మా పని. ఈ సందర్భానికి ఒక డాక్యుమెంటరీ తీయించాలని కార్యవర్గం తీర్మానం చేసి, ఆ బాధ్యత నాకు అప్పగించింది. వార్షిక నివేదికలు, ఫోన్‌తో తీసిన చిన్న వీడియోలు చేసిన అనుభవం ఉంది గానీ, బయటి దర్శకుల చేత సినిమా తీయించడం నాకు ఇదే మొదలు. రేపు ఇంకో సంస్థలో నాలాంటివాళ్లకు పనికొస్తుందని వారం వారం రాసి పెట్టుకుంటున్నాను.

ప్రదర్శన తేదీ మాత్రం ముందే ఖాయమైంది. అక్టోబర్ 17. పేదరిక నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి పాటించే అంతర్జాతీయ దినం అది. 1987లో అదే రోజున, ఫ్రాన్స్‌లో పేదల మధ్య పనిచేసిన క్రైస్తవ మతగురువు జోసెఫ్ రెసిన్‌స్కీ పిలుపు మీద పారిస్‌లోని ట్రోకడెరో మైదానంలో లక్ష మంది దాకా చేరారు. కటిక పేదరికం మానవ హక్కుల ఉల్లంఘనే అని అక్కడ ఒక రాతి ఫలకం మీద చెక్కించారు. 1992లో ఐక్యరాజ్యసమితి ఆ తేదీని అధికారికంగా తీసుకుంది. రెసిన్‌స్కీ తానే పేదరికంలో పుట్టి పెరిగిన మనిషి. పేదల తరఫున ఎవరో మాట్లాడడం కాదు, వాళ్లే మాట్లాడాలి అని జీవితమంతా పట్టుబట్టాడు. ఈ తేదీన చూపించే సినిమాలో మాటలన్నీ మావే అయితే ఆ తేదీని ఎంచుకున్నందుకు అర్థం ఉండదు. ఆ ఒక్క విషయం ఈరోజే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

2వ వారం

కార్యవర్గ సమావేశం మూడు గంటలు సాగింది. ఒకరు సంస్థ చరిత్ర మొత్తం రావాలన్నారు, ఇంకొకరు దాతలందరి పేర్లు రావాలన్నారు. అన్ని కార్యక్రమాలకూ చోటుండాలి, నిడివి గంట ఉంటే బాగుంటుంది, చూసినవాళ్ల కళ్లు చెమర్చాలి... ఇలా ఒక్కొక్కరూ చెబుతూ పోయారు. అన్నీ రాసుకుని చివర్లో రెండే ప్రశ్నలు అడిగాను. ఈ సినిమా ఎవరు చూడాలి? చూశాక వాళ్లు ఏం చేయాలి?

మొదటి ప్రశ్నకే ఐదు జవాబులు వచ్చాయి. దాతలు, ప్రభుత్వ అధికారులు, కొత్తగా చేరే కార్యకర్తలు, కాలేజీ విద్యార్థులు, సంఘాల సభ్యులు. అందరి కోసం తీస్తే ఎవరికీ పట్టదు. చాలాసేపు మాట్లాడుకున్నాక సంఘాల సభ్యులు, కొత్త కార్యకర్తలు మొదటి వరసలో ఉండాలని తేలింది. దాతలకు అదే సినిమాలోంచి మూడు నిమిషాల వీడియో వేరుగా చేస్తాం. అసలు నిడివి 26 నిమిషాలు. చూపించి, ఆ మీదట అరగంట మాట్లాడుకుంటే గంటలో కార్యక్రమం ముగుస్తుంది. సంఘం మీటింగ్‌కు ఆ గంటే దొరుకుతుంది.

బ్రీఫ్ రెండు పేజీలు దాటకుండా రాశాను. ఎందుకు తీస్తున్నాం, ఎవరికి, ఎంత నిడివి, బడ్జెట్ ఎంత, తేదీలేమిటి, ఏవి చూపించకూడదు. బడ్జెట్ దాచిపెట్టి ‘మీరే ఎంతవుతుందో చెప్పండి’ అనే పద్ధతి నాకు నచ్చదు. ఉన్నది ఎంతో చెబితేనే దర్శకులు దానికి తగ్గ ఆలోచనతో వస్తారు. మొత్తంలో పది శాతం ఎవరికీ కేటాయించకుండా పక్కన పెట్టాను. అది అవసరపడుతుందని సినిమా తీయించిన ప్రతివాళ్లూ చెప్పారు.

4వ వారం

ముగ్గురిని పిలిచాం. ఒక పేజీ ఆలోచన, పాత పనులు రెండు పంపమన్నాం, ఆ పేజీ రాసినందుకు చిన్న పారితోషికం కూడా ఇచ్చాం. ఊరికే రాయించుకోవడం తప్పు. పేదరికం మీద పనిచేసే సంస్థ ఒకరి శ్రమను ఉచితంగా వాడుకోకూడదు.

మొదటి ప్రతిపాదన చెత్తకుప్ప మీద చెప్పుల్లేకుండా నడిచే పిల్లాడితో, స్లో మోషన్‌లో మొదలైంది. ఆ పిల్లాడెవరో, పేరేమిటో ఆ పేజీలో ఎక్కడా లేదు. రెండోదాంట్లో డ్రోన్ షాట్లు ఎక్కువ. చూడడానికి బాగుంటాయి గానీ, ఆకాశంలోంచి చూస్తే మనుషుల మొహాలు కనపడవు.

మూడో దర్శకురాలు పేజీ పంపే ముందు ఫోన్ చేసి రెండు విషయాలు అడిగారు. ‘మీ దగ్గర పాత టేపులేమైనా ఉన్నాయా? మీ సంస్థతో పొసగక వెళ్లిపోయినవాళ్లతో మాట్లాడనిస్తారా?’ రెండో ప్రశ్నకు నేను కాసేపు ఆగి జవాబిచ్చాను. మాట్లాడనిస్తామన్నాను. ఆ ప్రశ్న అడిగినందుకే ఆవిడ వైపు మొగ్గాను. కార్యవర్గంలో ఒకరిద్దరికి ఇబ్బందిగానే ఉన్నా, చివరికి ఆవిడనే ఖాయం చేశాం.

6వ వారం

ఒప్పందం. ఇక్కడ తొందరపడితే తర్వాత తలనొప్పి తప్పదు కాబట్టి వారమంతా దీనికే ఇచ్చాను. చెల్లింపులు నాలుగు విడతలు: సంతకానికి 30 శాతం, షూటింగ్ అయ్యాక 30, రఫ్ కట్ (ముసాయిదా కూర్పు) చూపించాక 25, అన్ని ఫైళ్లూ చేతికందాక 15. మార్పులు రెండు విడతలు. మూడోసారి అడిగితే దానికి వేరుగా డబ్బు కట్టాలి. ఈ షరతు దర్శకురాలికన్నా మాకే ఎక్కువ మేలు చేసింది. ఏడుగురు ఏడుసార్లు అభిప్రాయాలు పంపే బదులు ఒకచోట కూర్చుని ఒక్క కాగితం మీద రాయడం కార్యవర్గానికి దీనివల్లే అలవాటైంది.

ఎక్కువ చర్చ జరిగింది చివరి మాట ఎవరిది అన్న దగ్గర. వాస్తవం తప్పయితే, ఎవరి భద్రతకైనా ముప్పుంటే తీసేయమనే హక్కు మాది. మిగతా ఏది ఉండాలి, ఏ వరసలో ఉండాలి అన్నది దర్శకురాలి నిర్ణయం. సినిమా హక్కులు సంస్థవి, ఆవిడ పేరు తీసేయడానికి మాత్రం వీల్లేదు. ఇంకో షరతు ఆవిడే రాయించారు. రషెస్‌లో, అంటే షూట్ చేసిన ముడి ఫుటేజీలో, సినిమాలోకి రాకుండా మిగిలినది ఇంకే ప్రచారానికీ వాడకూడదు. వాడాలంటే అందులో కనిపించే మనిషిని మళ్లీ అడగాలి.

అందాల్సిన ఫైళ్ల జాబితా కూడా ఒప్పందంలోనే పెట్టాం. మాస్టర్ ఫైలు, వెబ్‌కు చిన్న ఫైలు, తెరమీద అక్షరాలు లేని కాపీ, మాటలు, సంగీతం, ఇతర శబ్దాలు వేరువేరు ట్రాకులుగా, సబ్‌టైటిల్ ఫైలు విడిగా. అక్షరాలు లేని కాపీ లేకపోతే రేపు ఇంకో భాషలోకి మార్చాలన్నప్పుడు మళ్లీ మొదటికొస్తుంది.

8వ వారం

స్టోర్‌రూమ్‌లో రెండు అట్టపెట్టెలు. మొత్తం 41 టేపులు: వీహెచ్‌ఎస్ 12, హై-8 తొమ్మిది, మినీ డీవీ 20. సగానికి సగం మీద లేబుల్ లేదు. కొన్నింటి మీద ‘మీటింగ్ 2’ అని మాత్రమే ఉంది.

రెండు టేపుల అంచున తెల్లటి బూజు కనిపించింది. అవి ప్లేయర్‌లో పెట్టలేదు. బూజు పట్టిన టేపు తిప్పితే ప్లేయర్ హెడ్ పాడవుతుంది, ఆ బూజు తర్వాత పెట్టే టేపులకీ అంటుకుంటుంది. శుభ్రం చేసే పని తెలిసినవాళ్లకు పంపాం. మిగతా 39 కంప్యూటర్‌లోకి మేమే ఎక్కించుకున్నాం. టేపు ఎంతసేపుంటే ఎక్కించడానికి అంతసేపు పడుతుంది, అడ్డదారి లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పక్కనే కూర్చుని ఏ నిమిషంలో ఏముందో రాసుకున్నాను. అన్నీ కలిపి 36 గంటలు. ఒక కాపీ ఆఫీసు హార్డ్ డిస్క్‌లో, రెండోది ఇంకో డిస్క్‌లో, మూడోది వేరే చోట క్లౌడ్‌లో. మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి బయట. ఎడిటర్ చెప్పిన మొదటి నియమం అది.

మినీ డీవీ బొమ్మ 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు, 4:3 ఆకారం. ఇప్పటి వెడల్పు తెరకు సరిపోవాలని దాన్ని సాగదీస్తే మనుషులు లావుగా, పొట్టిగా కనిపిస్తారు. రెండు పక్కలా నల్లగా ఉన్నా పరవాలేదు, సాగదీయొద్దని ఆ రోజే రాసి పెట్టాం.

ఇక 17వ నంబర్ టేపు. సంస్థ పెట్టిన రెండో ఏడు తీసింది. ఒక ముప్పై ఏళ్ల మనిషి గోడకు ఆనుకుని కూర్చుంది. మొహం నిండా నవ్వు. అప్పు లెక్క చెబుతోంది, వేళ్ల మీద. ‘వందకు నెలకు పది. పది నెలలయ్యేసరికి అసలంత వడ్డీ కట్టేస్తాం. అసలు మాత్రం అక్కడే కూర్చుంటుంది. అదే సంఘంలో అయితే వందకు రెండు. అంత వడ్డీ అవ్వడానికి యాభై నెలలు పట్టాలి, ఆలోపు అసలే తీరిపోతుంది.’ కాగితం లేదు, కలం లేదు. ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద గబగబా నడుస్తోంది.

కెమెరా వెనకనుంచి ఒక గొంతు: ‘అమ్మా, లెక్కలు తర్వాత చెబుదురుగానీ. మీ కష్టాల గురించి చెప్పండి. కాస్త నవ్వకుండా.’

ఆమె చెయ్యి ఆగిపోయింది. నవ్వు మెల్లగా సర్దుకుంది. ఒళ్లో ఉన్న బిడ్డను దగ్గరకు తీసుకుంది. తర్వాత పదకొండు నిమిషాలు ఏడుస్తూ మాట్లాడింది.

ఆ పదకొండు నిమిషాల్లోంచి తీసిన బొమ్మ నాకు తెలుసు. చాలా ఏళ్లు మా బ్రోషర్ ముఖచిత్రం అదే. నేను ఉద్యోగంలో చేరిన రోజు నా చేతికిచ్చిన కాగితాల మీద కూడా అదే ఉంది. ఆ మొహం మీద అంతకు ఒక్క నిమిషం ముందు అంత నవ్వు ఉందని ఎవరికీ తెలియదు. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

10వ వారం

కెమెరా లేకుండా పరిచయాలు. దర్శకురాలు, నేను కలిసి పద్నాలుగు కుటుంబాలను కలిశాం. మా సంస్థతో పడక వెళ్లిపోయినవాళ్లు అందులో ముగ్గురున్నారు. మీటింగులు పనివేళల్లో పెట్టడం వల్ల కూలి పోయేదని ఒకరు చెప్పారు. నిజమే. సినిమాలో ఆ మాట ఉంటుంది.

17వ టేపులోని ఆమె దొరికింది. ఇప్పుడు యాభై దాటాయి. ఆమెను అక్కా అని పిలుస్తాను, ఇక్కడా అలాగే రాస్తాను. ఫోన్‌లో క్లిప్ చూపించే ముందు, చూస్తారా వద్దా అని అడిగాను. చూస్తానంది. నవ్వుతున్న భాగం రాగానే ‘నేనేనా!’ అంది. గొంతు వినిపించాక మాత్రం మాట్లాడలేదు. ఫోన్ నా చేతికిచ్చి చాలాసేపు బయటికి చూసింది.

‘మా అబ్బాయి తొమ్మిదో క్లాసులో ఉన్నప్పుడు ఎవరో ఆ కాగితం తెచ్చి బడిలో చూపించారు. మీ అమ్మ ఎందుకు ఏడుస్తోంది అని. వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.’

క్షమించమని అడిగాను. ఆ మాట చాలదని నాకు తెలుసు. సినిమాలో ఉండడం ఇష్టం లేకపోతే ఆ టేపు ఎక్కడా వాడబోమని చెప్పాను. ఆలోచించి చెబుతానంది. ఎనిమిది రోజుల తర్వాత తనే ఫోన్ చేసింది. ‘ఉంటాను. కానీ ఆ లెక్క పూర్తిగా చెప్పనివ్వాలి.’

11వ వారం

అనుమతి పత్రాలు. పాత ఫారం తీసి పక్కన పడేశాం. ‘ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా, ఏ మాధ్యమంలోనైనా’ అని ఉండేది అందులో. సంతకం పెట్టేవాళ్లకు అది అర్థం కావాలని ఎవరూ రాయలేదు. ఎవరి బొమ్మ వాడినా వాళ్లకు పూర్తిగా అర్థమై, వాళ్లు ఒప్పుకున్నాకే వాడాలని, తమ కథ తాము చెప్పుకునే వీలుండాలని యూరప్ స్వచ్ఛంద సంస్థల సమాఖ్య కాంకార్డ్ 2006లోనే నియమావళి పెట్టుకుంది. అది ముందు పెట్టుకుని మాది తిరగరాశాం.

కొత్తది ఒక పేజీ. చదివి వినిపిస్తాం, ఒప్పుకోలు గొంతుతో రికార్డు చేస్తాం. అనుమతి మూడుసార్లు అడుగుతాం: షూటింగ్ ముందు, షూటింగ్ అయ్యాక, కట్ చూశాక. వద్దంటే సంస్థ నుంచి అందే ఏ సాయమూ ఆగదని మొదటి వాక్యంలోనే ఉంటుంది. ఆ వాక్యం చదివాకే కొంతమంది భుజాలు తేలికపడడం నేను కళ్లారా చూశాను. పిల్లలైతే పెద్దవాళ్లను, పిల్లలను ఇద్దరినీ అడుగుతాం. యూనిఫాం మీద బడి పేరు, ఇంటి నంబరు, వాహనం నంబరు ఫ్రేములోకి రాకూడదు.

డబ్బు సంగతి దగ్గర ఆగాం. కథ చెప్పినందుకు డబ్బిస్తే కథే మారిపోతుందని దర్శకురాలి భయం. ఆ భయం సబబే. కానీ షూటింగ్‌కు ఒక పూట ఇచ్చిన మనిషికి ఆ పూట కూలి పోతుంది. కెమెరామన్‌కు రోజుకింత అని ఇస్తూ, ఎదురుగా కూర్చున్న మనిషిని ఉత్త చేతులతో పంపడం నాకు మనసొప్పలేదు. పోయిన కూలి ఎంతో అంత, మాట్లాడినా మధ్యలో వద్దనుకున్నా సరే, అని తేల్చాం. పక్కన పెట్టిన పది శాతంలోంచి మొదటి ఖర్చు ఇదే.

14వ వారం

షూటింగ్ తొమ్మిది రోజులు. యూనిట్ ముగ్గురే: దర్శకురాలు, కెమెరా, సౌండ్. చిన్న గదిలోకి అంతకన్నా ఎక్కువమంది వెళ్తే అది ఆ ఇంటివాళ్ల గదిగా మిగలదు. కెమెరా ఎప్పుడూ కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులోనే. పైనుంచి కిందికి చూపించే షాట్ ఒక్కటీ తీయలేదు.

ట్యూబులైట్ కింద మొదటి రోజు తెరమీద సన్నటి చారలు కదిలాయి. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ సెకనులో యాభయ్యో వంతుకు పెడితే ఆ మినుకుడు పోతుంది. పెట్టాక పోయింది. ప్రతి గదిలోనూ ఫ్యాన్ ఆపి, ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేశారు. రెండు మాటల మధ్య కత్తిరించిన చోట అతకడానికి అది కావాలట.

నాలుగో రోజు దెబ్బ తగిలింది. కాలర్ మైక్ బ్యాటరీ మధ్యలో అయిపోయింది, నలభై నిమిషాల మాటలు అందులోకి ఎక్కలేదు. నాకు ఒకటే టెన్షన్. ఆ పెద్దాయన తన భార్య జబ్బు గురించి, ఆసుపత్రి ఖర్చుకు ఇల్లు తాకట్టు పెట్టడం గురించి చెప్పిన నలభై నిమిషాలవి. మళ్లీ చెప్పమని అడగొచ్చా అని సౌండ్ అబ్బాయి అడిగాడు. దర్శకురాలు వద్దన్నారు. ‘ఆ బాధ ఆయన మన కోసం రెండోసారి పడక్కర్లేదు.’ కెమెరా మీది మైక్‌లో ఉన్నదే వాడుకుంటామన్నారు. గరగరలాడుతుంది, అయినా వినబడుతుంది.

అక్క లెక్క చివరి రోజు తీశాం. పూర్తిగా చెప్పింది. ఇప్పుడు కూడా కాగితం లేదు, అదే బొటనవేలు, అవే కణుపులు.

18వ వారం

రషెస్ 31 గంటలు, పాత టేపులు 36. ఎడిటింగ్ మొదలుపెట్టే ముందు అన్ని మాటలూ టైమ్‌కోడ్‌తో, అంటే ఏ గంట, నిమిషం, సెకనులో ఉన్నాయో ఆ అంకెతో, కాగితం మీదికి ఎక్కించాం. ఇది నిద్రలేని పని, కానీ దర్శకురాలు కాగితం మీదే గీతలు గీస్తూ సినిమా వరస పేర్చడం చూశాక ఎందుకో అర్థమైంది. 67 గంటలు మళ్లీ మళ్లీ చూస్తూ వెతకడం ఎవరి తరమూ కాదు.

మొదటి కూర్పు 94 నిమిషాలు వచ్చింది, రెండోది 41.

21వ వారం

వ్యాఖ్యానం పెట్టాలా వద్దా అని వాదన. వార్షిక నివేదికల్లోంచి ఒక ముసాయిదా నేనే రాశాను. మొదటి వాక్యంలో ప్రపంచ బ్యాంకు పేదరిక రేఖ ఉంది. సరిచూద్దామని పాత నివేదికలు తీస్తే ఆ అంకె ఒక్కో నివేదికలో ఒక్కోలా ఉంది. 1990లో రోజుకు ఒక డాలర్‌తో మొదలైంది. 2008లో 1.25, 2015లో 1.90, 2022లో 2.15, 2025 జూన్‌లో 3 డాలర్లు అయ్యింది. ధరల లెక్కలు, దేశాల సర్వేలు మారినప్పుడల్లా గీత జరుగుతుంది. అందులో తప్పేం లేదు. కానీ పదేళ్లు చూపించాల్సిన సినిమాలో ఆ అంకెను గొంతుతో చెప్పిస్తే తర్వాత మార్చలేం. అంకె ఉండాలంటే తెరమీద అక్షరాల్లో ఉండాలి, అక్షరాలు లేని కాపీ ఉంది కాబట్టి ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

ఆ అంకెకూ అక్క వేళ్ల మీద చెప్పిన లెక్కకూ మధ్య నేను ఎటువైపు ఉన్నానో కూడా తేలిపోయింది. ముసాయిదా చింపేశాను. వ్యాఖ్యానం లేదు. మా వ్యవస్థాపకుల ఇంటర్వ్యూ 12 నిమిషాల నుంచి రెండు నిమిషాలకు తగ్గింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నేనే వెళ్లాను. విని, ‘మిగతా పది నిమిషాలు ఎవరికిచ్చారు?’ అని అడిగారు. పేర్లు చెప్పాను. సరేనన్నారు.

23వ వారం

రఫ్ కట్ కార్యవర్గం కన్నా ముందు సినిమాలో ఉన్నవాళ్లకే చూపించాం. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1967లో కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు తరఫున కాలిన్ లో (Colin Low) అనే దర్శకుడు ఫోగో దీవిలో జాలరి కుటుంబాలను చిత్రించాడు. ఊళ్లు ఖాళీ చేయించి వేరేచోటికి తరలించే ఆలోచన నడుస్తున్న కాలమది. తీసిన చిన్న చిన్న సినిమాలు ముందు ఆ దీవిలోనే వేసి చూపించారు, తర్వాతే అధికారులకు. ఒకరి మాట ఒకరు విన్నాక దీవివాళ్లు కలిసి జాలర్ల సహకార సంఘం పెట్టుకున్నారు. అది చదివినప్పటినుంచీ మనమూ ఇలాగే చేయాలని నా కోరిక.

పదకొండు మంది వచ్చారు. కుర్చీలు గుండ్రంగా వేశాం. చూస్తున్నంతసేపు నేను తెర వైపు చూడలేదు, వాళ్ల మొహాలే చూశాను.

ఒక కుర్రాడు తన వెనక తాడు మీద ఆరేసిన అమ్మ బట్టలు కనిపిస్తున్నాయని, ఆ షాట్ తీసేయమని అడిగాడు. తీసేశాం. ఎడిటర్‌కు ఆ షాట్‌లో వెలుతురంటే ప్రాణం, అయినా ఒక్క మాట అనలేదు. ఇంకొకాయన తను చెప్పిన ఏడాది తప్పని దిద్దాడు.

అక్క చెయ్యెత్తింది. ‘నా పేరు కింద లబ్ధిదారు అని వేశారేంటి? ముప్పై మంది సంఘానికి పద్నాలుగేళ్లు లెక్కలు రాశాను నేను.’

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ అక్షరాలు వేయించింది నేను. ఆఫీసులో రోజూ వాడే మాట, వేయించేటప్పుడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆ సాయంత్రమే తెరమీది పేర్లన్నీ వరసగా తీసి ఒక్కొక్కరినీ అడిగాం, మీ పేరు కింద ఏం రాయమంటారని. కుట్టుపని. తాపీ మేస్త్రీ. ఇద్దరు పిల్లల తల్లి. కాలేజీ మానేసి మళ్లీ చేరినవాడు. ఒకామె ఏమీ వద్దు, పేరు చాలంది. అక్క పేరు కింద: సంఘం లెక్కలు, 14 ఏళ్లు.

25వ వారం

కార్యవర్గానికి చూపించాం. 17వ టేపు దగ్గర అందరూ బిగుసుకుపోయారు. పండగ పూట మన తప్పు మనమే చూపించుకోవడమేంటని ఇద్దరు గట్టిగా అడిగారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. పాతికేళ్లు ప్రాణం పెట్టి పనిచేసిన మనుషులు వాళ్లు. నేను ఒకటే చెప్పాను. ఆ బ్రోషర్ వల్ల డబ్బు వచ్చింది, ఆ డబ్బుతో మంచి జరిగింది, అది నిజం. ఆ డబ్బు ఆమె నవ్వును ఆపేసి తెచ్చుకున్నాం, అదీ నిజమే. మొదటి నిజం ఒక్కటే చూపిస్తే ఆమె ఎదుట ఆ హాల్లో నేను కూర్చోలేను.

ఆ గొంతు ఎవరిదో వయసులో పెద్దవాళ్లందరికీ తెలుసు. ఆయన రిటైరై చాలాకాలమైంది. ఆయన్ను అడగకుండా ఏ నిర్ణయమూ తీసుకోవద్దని దర్శకురాలు పట్టుబట్టారు. మరుసటి రోజు వెళ్లి కలిశాం. క్లిప్ చూశారు. మొదట అడిగిన మాట: ‘ఆమె ఏమంటోంది?’ ఉండాలనే అంటోందని చెప్పాను. రెండు రోజులు సమయం అడిగారు. అందరికీ ఇచ్చిన అదే ఒక పేజీ అనుమతి పత్రం ఆయనకూ ఇచ్చాం. వద్దంటే ఏదీ ఆగదన్న మొదటి వాక్యంతో సహా.

మూడో రోజు సంతకంతో వచ్చింది. గొంతు ఉంచండి, పేరు వద్దు అని రాశారు. అలాగే ఉంచాం.

27వ వారం

పిక్చర్ లాక్. 26 నిమిషాల 40 సెకన్లు. ఇక బొమ్మలో మార్పుల్లేవు.

కలర్ చేసేటప్పుడు పాత రోజులను బూడిద రంగులోకి, ఇప్పటి రోజులను బంగారు రంగులోకి మార్చొచ్చని సలహా వచ్చింది. వద్దన్నాం. ఆ టేపులో ఆమె కట్టుకున్నది ముదురు ఎరుపు. అది ఎరుపుగానే ఉండాలి. సంగీతం కొత్తగా చేయించుకున్నాం. ఉన్న పాట వాడాలంటే స్వరకల్పనకు ఒకరి దగ్గర, ఆ రికార్డింగుకు ఇంకొకరి దగ్గర వేరువేరుగా అనుమతి తీసుకోవాలి. మా దగ్గర అంత సమయం లేదు. ఏడుపు దగ్గర వేణువు వినిపించిన చోటల్లా తీయించేశాం.

సబ్‌టైటిల్స్‌కు అనుకున్నదానికన్నా ఎక్కువ రోజులు పట్టింది. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులుంటాయి. రెండు వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడులను తాకి కలిసిపోతాయి. ఒక సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు సగానికి తెగిపోయాయి. ఫాంట్ మార్చి, వరసల మధ్య ఖాళీ పెంచి, చిన్న ఫోన్ తెర మీద చూసి ఖాయం చేశాం. చెవులు వినపడనివాళ్ల కోసం తలుపు చప్పుడు, నవ్వు లాంటివి కూడా అక్షరాల్లో వేశాం. పెద్దాయన గరగర మాటలకు తెలుగు సబ్‌టైటిల్ ఉండడం ఎంత మేలైందో.

29వ వారం

హాల్లో ట్రయల్. ప్రొజెక్టర్ బొమ్మను వెడల్పుకు సాగదీసింది, సెట్టింగ్ మార్చాం. వెనక వరసలో కూర్చుని విన్నాను, మాటలు స్పష్టంగా ఉన్నాయి. ఎందుకైనా మంచిదని రెండు పెన్‌డ్రైవ్‌లు, ఇంకో ల్యాప్‌టాప్ సిద్ధం చేశాం. పాతవాళ్లందరికీ స్వయంగా ఫోన్లు చేశాను. సంస్థతో పడక వెళ్లిపోయిన ముగ్గురిలో ఇద్దరు వస్తామన్నారు.

30వ వారం, అక్టోబర్ 17

మొదటి రెండు వరసలు సినిమాలో ఉన్నవాళ్లకు, వాళ్ల ఇళ్లవాళ్లకు. దాతలు, అధికారులు ఆ వెనక. ప్రసంగాలు సినిమా తర్వాత, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

అక్క కొడుకుతో వచ్చింది. ఒళ్లో బిడ్డగా ఆ టేపులో ఉన్నది ఈ అబ్బాయే. టేపు భాగం వచ్చినప్పుడు నేను పక్క నుంచి చూస్తున్నాను. తెరమీద నవ్వుతూ వేళ్లు లెక్కపెడుతున్న తల్లిని చూసి అతను ముందుకు వంగాడు. గొంతు వినిపించాక వెనక్కి ఆనుకోలేదు, అలాగే ఉన్నాడు. తర్వాత ఇప్పటి అక్క తెరమీదికి వచ్చి, ఆగిపోయిన చోటునుంచి లెక్క మొదలుపెట్టి, వడ్డీ, అసలు, యాభై నెలలు అన్నీ పూర్తి చేసింది. హాల్లో ఎవరో ముందు చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ.

తర్వాత జరిగిన చర్చలో మీటింగులు పనివేళల్లో పెట్టే సంగతే ఎక్కువసేపు నడిచింది. సాయంత్రాలకు మార్చాలని రెండు సంఘాలు అక్కడికక్కడే అడిగాయి. వచ్చే నెల ఎజెండాలో ఎక్కించాం.

అందరూ వెళ్తుండగా అక్క కొడుకు నా దగ్గరికి వచ్చాడు. ‘ఆ టేపులో మా అమ్మ నవ్వే భాగం ఇంకా ఉందా, సినిమాలో వేసిందే ఉందా?’

ఉంది. ఏడిపించకముందు ఆరు నిమిషాలుంది. సినిమాలో వేసింది నలభై సెకన్లే. ఇస్తానన్నాను. మిగతావాళ్లవి కూడా 39 టేపుల్లో ఎవరెవరివి ఎక్కడున్నాయో నా నోట్సులో నిమిషాలతో సహా ఉంది. బూజు వదిలించడానికి పంపిన రెండు టేపులు కూడా తిరిగొచ్చాయి, ఇంకా చూడలేదు. సోమవారం నుంచి ఒక్కొక్కరి భాగం వేరు చేసి పెన్‌డ్రైవ్‌లలో ఎక్కించడం మొదలుపెడతాను. మొదటిది ఆ ఆరు నిమిషాలు.